నాలుగు చుక్క ఆరు

మొదటి రోజు క్లాసులో నేనెవరినీ కంప్యూటర్ ముట్టుకోనివ్వను. ప్రొద్దుటూరులో ఒక చీరల కొట్టు మేడమీద అద్దె గది నాది. ఎనిమిది కంప్యూటర్లు పెట్టుకుని, మెషిన్ల డ్రాయింగులు వాటి మీద గీయడం నేర్పుతాను. చేరేవాళ్లలో డిప్లొమా అయినవాళ్లు ఉంటారు, ఇంజనీరింగ్ సగంలో ఉన్నవాళ్లు ఉంటారు. అందరూ వస్తూనే షార్ట్‌కట్ కీలు చెప్పమంటారు. వాళ్ల వేళ్లు ఊరికే ఉండవు. నేను బోర్డు దగ్గరికి పోయి, సుద్దముక్కతో 4.6 అని రాసి, ఇదెంత అని అడుగుతాను.

"ఫోర్ పాయింట్ సిక్స్ మేడం." దీనికోసమా మేము ఫీజు కట్టింది అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

"ఎవరు రాసినారు?" అని అడుగుతాను.

"మీరే గదా మేడం!" అని గది గదంతా నవ్వుతుంది.

ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నేనూ అలాగే నవ్వేదాన్ని. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు ఒక మనిషి కుడిచెయ్యి కనబడుతుంది. బోర్డు తుడిచేశాక కూడా కాసేపు కనబడుతూనే ఉంటుంది. వాళ్లకు ఆ సంగతి మొదటి రోజే చెప్పను. ముందు నవ్వనిస్తాను.

మాది గొర్రెల ఇల్లు. చదువుకున్నది నేనొక్కదాన్నే. డిప్లొమా కాగానే జమ్మలమడుగు రోడ్డులో ఒక షెడ్డులో పనికి చేరాను. నాపబండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలకు అక్కడ మెషిన్లు తయారుచేసేవారు. బయట లేతులు, వెల్డింగు, ఇనుప పలకల మోత. లోపల అద్దాల గదిలో నేను, నా కంప్యూటర్. ఆ షెడ్డులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. పెద్ద ఫిట్టరును అందరూ మామ అనేవారు కాబట్టి నేనూ మామా అనే పిలిచాను. ఆయన నన్ను పాప అనేవాడు. ఒక జేబులో టేపు, ఇంకో జేబులో సుద్దముక్క, ఆయన దగ్గర అంతకు మించి పనిముట్లు చూసినట్టు గుర్తులేదు. ఎక్కడ ఏది కొలిచినా పక్కనే ఉన్న ఇనుప పలక మీద సుద్దతో రాసేవాడు. నేను ఫోనులో ఫొటో తీసుకుని వచ్చి గీసేదాన్ని.

పనిలో నేను వేగంగా ఉండేదాన్ని, ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఎడమచెయ్యి కీబోర్డు మీద, కుడిచెయ్యి మౌసు మీద, చూపు తెర మీద. ఎడమచేతి వేళ్లను చూసుకోవలసిన అవసరమే వచ్చేది కాదు. స్కెచ్‌లో ఒక్క గీత కూడా నీలంగా మిగలనిచ్చేదాన్ని కాదు. కొలతలన్నీ అందితే గీత నల్లబడుతుంది. నీలంగా మిగిలిందంటే అది ఎప్పుడో ఒకప్పుడు మనకు తెలియకుండా పక్కకు జరిగిపోతుంది. మూలలు గుండ్రం చేసే పని అన్నిటికన్నా చివరికి వదిలేదాన్ని, ముందే చేస్తే తర్వాత ఏది మార్చబోయినా అడ్డం పడతాయి. ఒకే రకం రంధ్రాలు పన్నెండుంటే ఒకటి గీసి, మిగిలిన పదకొండూ దూరం చెప్పి వేయించేదాన్ని. ఇవన్నీ మంచి అలవాట్లే, ఇప్పటికీ ఇవే నేర్పుతున్నాను. మా ఓనరు షెడ్డుకు వచ్చినవాళ్లను అద్దం దగ్గరికి పిలుచుకొచ్చి, "రెండు దినాల పని ఈ పాప అన్నానికి లేసే లోపల అయిపోగొడతాది" అని చూపించేవాడు. నా కళ్లు నెత్తికెక్కాయి.

అప్పుడే ఓనరు ఒక కొత్త బల్ల గీయమన్నాడు. పాలిష్ అయిన బండను దాని మీద పడుకోబెట్టి, బల్లను పైకి లేపితే బండ నిలబడుతుంది, మనుషులు పక్కకు జరుపుకోవచ్చు. బల్లకు ఒక వైపు కీలు ఉంటుంది. కీలంటే రెండు ఇనుప చెవులు, వాటి గుండా దూరే ఒక లావుపాటి పిన్ను. పిన్ను చివర ఒక సన్నటి రంధ్రం. అందులో కాటర్ పిన్ను దూర్చి దాని కాళ్లు విడదీస్తే, బల్ల ఎంత అదిరినా పెద్ద పిన్ను బయటికి జారదు. బండ బరువు, బల్ల బరువు మొత్తం ఆ ఒక్క పిన్ను మీదే.

మామ ఎక్కడో పాత బల్ల కొలిచి వచ్చి పలక మీద రాశాడు. మిగతావన్నీ నిండు అంగుళాలు. చుక్క ఉన్నది ఒక్క పిన్ను పొడవుకే, 4.6. నేను కంప్యూటర్‌ను అంగుళాల్లో పెట్టుకుని, నాలుగు పాయింట్ ఆరు అని కొట్టేశాను. తెర మీద పిన్నును తెచ్చి ఒక చెవికి ఆనించాను. అది సరిగ్గా కూర్చుంది. రెండో చెవి వైపు తిప్పి చూడలేదు. మెషిన్‌ను నడిమికి కోసినట్టు చూపించే బొత్తం ఒకటుంటుంది. అది నొక్కి ఉంటే రెండో వైపు పిన్ను ఎంత బయటికి వచ్చిందో, రంధ్రం ఎక్కడ పడిందో కనబడేది. నొక్కడానికి క్షణం పట్టదు. నేను నొక్కలేదు.

ఆ డ్రాయింగుతో ఆరు బల్లలు తయారయ్యాయి. ఒకరు పొడవు ఎక్కువ కావాలన్నారు, ఇంకొకరు వెడల్పు తక్కువ కావాలన్నారు. ప్రతిసారీ ఫైళ్లన్నీ కాపీ కొట్టి, మార్చవలసింది మార్చి, పేరు పెట్టేదాన్ని. బల్ల ఫైనల్. బల్ల ఫైనల్ కొత్తది. బల్ల ఫైనల్ ఇదే. ఆ పేర్లు క్లాసులో చెబితే అందరూ పడీపడీ నవ్వుతారు, ఎందుకంటే వాళ్ల ఫోనుల్లోనూ అవే పేర్లు. ఆరుసార్లు కాపీ కొట్టిన ఆ పిన్ను ఆరు ఫైళ్లలోనూ అదే పొట్టితనంతో కూర్చుంది.

ఆరో బల్ల జమ్మలమడుగులో ఒక ఫ్యాక్టరీకి పోయింది. మూడు నెలల తర్వాత ఒక పొద్దున ఓనరుకు ఫోను వచ్చింది. ఆయన, మామ బండి మీద ఉన్నపళంగా పోయారు. మధ్యాహ్నం తిరిగొచ్చి మామ నేరుగా నా గదిలోకి వచ్చాడు. చెప్పులు బయట విడిచేవాడు, ఆ రోజు విడవలేదు. జేబులోంచి ఆ పిన్ను తీసి కీబోర్డు పక్కన పెట్టాడు.

"బండను లేపుతాంటే ఇది జారి బల్ల కిందికొచ్చెనంట. ఆడ పనిచేసే ఆయప్పకు కుడిచేతికి మూడు వేళ్లు పోయినాయి."

వెర్నియర్ తీసి పిన్నును కొలిచాను. నూట పదహారు పాయింట్ ఎనిమిది ఎంఎం, అంటే నాలుగు పాయింట్ ఆరు అంగుళాలు. డ్రాయింగు తెరిచి చూశాను. అంతే ఉంది. నేను ఊపిరి పీల్చుకుని, "నా డ్రాయింగు కరెక్టే మామా" అన్నాను. ఒక మనిషి వేళ్లు పోయాయని విన్న నిమిషంలో నా నోట్లోంచి వచ్చిన మాట అది. దానికి నేను ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను.

మామ తెర వైపు చూడలేదు. "నాలుగూ ఆరు గదా పాప. నాలుగంగుళాల ఆరు సూతులు."

సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మా వైపు ఫిట్టర్లు, వడ్రంగులు అంగుళాలు రాసి, చుక్క పెట్టి, పక్కన సూతులు రాస్తారు. ఆ చుక్క పాయింటు కాదు, ఇక్కడికి అంగుళాలు అయిపోయాయని గుర్తు. ఆరు సూతులంటే ముప్పావంగుళం. పిన్ను నాలుగు ముప్పావు అంగుళాలు ఉండాలి, అంటే నూట ఇరవై ఎంఎం పైమాట. నేను గీసింది దానికంటే దాదాపు నాలుగు ఎంఎం పొట్టి. అందుకే చివరి రంధ్రం సగం చెవిలో కూరుకుపోయి, కాటర్ పిన్ను దూరక, ఎవరో సన్నటి తీగ చుట్టి పంపించారు. తీగ అరిగి తెగింది. సూతు అనే మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. మా ఇంటి తలుపులు చేసిన వడ్రంగి కూడా అదే మాట అన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చోగానే నాకు అది గుర్తు రాలేదు.

సాయంత్రానికి కథ ఇంకోలా స్థిరపడిపోయింది. బల్ల కింద చెయ్యి పెట్టమని ఆయనకు ఎవరు చెప్పారు, చూసుకుని పని చేసుకోవద్దా అని ఫ్యాక్టరీవాళ్లు అన్నారు. మా ఓనరు అవునన్నాడు. చివరికి ఆ మనిషి కూడా అదే నమ్మాడని, ఆస్పత్రిలో అందరితో "నాదే పరాకు" అంటున్నాడని తెలిసింది. ఓనరు నన్ను పిలిచి, "నువ్వు గమ్మునుండు. ఈ మాట షెడ్డు దాటితే అందురికీ కష్టం" అన్నాడు. నేను గమ్మునున్నాను. తప్పు నాది, పేరు ఆ మనిషిది. ఆ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురమే.

మిగిలిన ఐదు బల్లల మాటేమిటన్న భయం మాత్రం నన్ను కూర్చోనివ్వలేదు. ఏ ఫైలుతో చేసింది ఏ ఊరికి పోయిందో చూద్దామని తెరిస్తే, అన్నీ ఫైనల్లే. మా నాన్నకు చదువు రాదు. అయినా మందలో ఏ పిల్ల ఏ తల్లిదో ఒక్క చూపులో చెప్పేవాడు, దాని తల్లికి తల్లి ఏదో కూడా చెప్పేవాడు. నేను పుట్టించిన ఆరింటిలో ఏది ఎక్కడుందో నాకు తెలియదు. చివరికి మామే వేళ్ల మీద చెప్పాడు. ప్రొద్దుటూరు బయట ఒకటి, జమ్మలమడుగులోనే ఇంకొకటి, కమలాపురం, వేంపల్లె, పులివెందుల. ఆదివారాలు ఇద్దరం బస్సుల్లో తిరగడం మొదలుపెట్టాం. నా సంచిలో వెర్నియర్.

ప్రొద్దుటూరు బయటి బల్ల కింద దుంగలు పెట్టించి పిన్ను బయటికి తీయించాను. కొలిస్తే నూట ఇరవై దాటింది. నాకు ఏడుపొచ్చింది. జమ్మలమడుగు రెండో బల్లదీ అంతే. కమలాపురంలోదీ అంతే. సంతోషించవలసింది పోయి నాకు లోపల ఏదో తేడాగా అనిపించడం మొదలైంది. ఆరింటికీ డ్రాయింగు ఒకటే అయినప్పుడు ఇవి ఎందుకు సరిగ్గా ఉన్నాయి? పైగా ప్రతి పిన్ను నెత్తి మీదా పంచ్‌తో కొట్టిన ఒక చిన్న చుక్క ఉంది. వేళ్లు పోగొట్టిన పిన్ను నా సొరుగులోనే ఉంది, రోజూ తీసి చూసేదాన్ని. దానికి చుక్క లేదు. నేను తిరిగిన షెడ్లలో మామ ఒక్కసారి కూడా వంగి బల్ల కిందికి చూడలేదన్నది కూడా అప్పుడే గమనించాను.

వేంపల్లె బల్లకూ చుక్క ఉంది. బస్టాండులో పులివెందుల బస్సు కోసం నిలబడ్డాం. ఆటోవాళ్లు గండి, గండి అని కేకలు వేస్తున్నారు. మామ ఎప్పుడు ఆ దారిన వచ్చినా గండి ఆంజనేయస్వామి వైపు తిరిగి దండం పెట్టుకునేవాడు. ఆ రోజు ఆటోల వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఆ చుక్కలేంది మామా?" అన్నాను.

మామ నన్ను చూడకుండా చెప్పాడు. "అవి నేను లేతు మీద తిప్పుకున్న పిన్నులు. నీ కొలతకు చేసింది పొట్టిగా వచ్చె. మొదటిదానికి లేతోని తప్పేమో అనుకున్న్యా. రెండోది కూడా అట్లే వచ్చె. అప్పుడు తెలిసింది, నువ్వు సూతులు చూసుకోలేదని. ఐదింటికీ నేనే మార్చి ఎక్కించినా."

"తెలిస్తే చెప్పల్ల గదా!" అని అరిచాను. పక్కన నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు.

"ఎట్ల చెప్పేది పాప? ఆడపిల్ల గీసేదంట, మనం చేసేదంట అని షెడ్డులో అందురూ నగుతా ఉండ్రి. నీది తప్పని తెలిస్తే ఇంగ ఎవురు ఇంటారు నీ మాట? నువ్వు శానా సంబరంగా పని చేస్తాంటివి. నేను సర్దుకుంటే పోతాదిలే అనుకున్న్యా."

"మరి ఆరోది?"

"ఆరోది ఎక్కించేటప్పుడు నేను ఈడ, గండిలో ఉండా. మొక్కు తీర్చుకుండేకి వచ్చింటి. ఇంగొకాయన ఎక్కించినాడు. డ్రాయింగులో ఎంతుందో అంతే చేసినాడు, ఆయన్ది తప్పు లేదు. నేను తిరిగొచ్చేసరికి లారీ పోయింది. పోయి చూసి రావల్ల, చూసి రావల్ల అనుకుంటానే మూడు నెల్లు గడిపినా."

నాకు పట్టలేని కోపం వచ్చింది. నా తప్పును నాకు కనబడకుండా ఐదుసార్లు దాచిపెట్టి, ఆరోసారి ఇంకొకరి చేతికి వదిలేశాడు. అదీ నా మీద ప్రేమతో. పులివెందుల బల్లను చూడనక్కర్లేదని ఆయన అన్నా వినకుండా పిన్ను తీయించాను. కొలత సరిగ్గా ఉంది. నెత్తి మీద చుక్క ఉంది. ఐదు చోట్ల ఐదు చేతులు క్షేమం. ఆ ఐదింటిలో నేను కాపాడింది ఒక్కటి కూడా లేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు నేనేం చేశానంటే, పని పద్ధతి మార్చుకున్నాను. పిన్నుకు పొడవు చేత్తో కొట్టడం మానేశాను. రెండు చెవుల బయటి అంచుల మధ్య దూరం కంప్యూటరే తీసుకుని, దానికి ఇంత కలుపుకునేటట్టు ముడిపెట్టాను. చెవులు దూరం జరిగితే పిన్ను దానంతటదే పొడవవుతుంది. ఆరు కాపీలు తీసేసి ఒకే పిన్ను ఫైలు ఉంచి, బల్లలన్నీ దాన్నే వాడేటట్టు చేశాను. ఫైలు పేరులో ఊరు, ఎన్నో బల్ల, ఎన్నోసారి మార్చింది అన్నీ పెట్టాను. కొలిచిందెవరో, దేనితో కొలిచారో లోపల రాశాను. ప్రింటు తీసే ముందు ప్రతి కీలునూ తెర మీద కోసి చూశాను. మామ ఏ అంకె రాసినా ఎదురుగా నిలబడి, నాలుగంగుళాల ఆరు సూతులు, నూట ఇరవై పైచిలుకు ఎంఎం, అవునా కాదా అని పైకి చదివి అవుననిపించుకున్నాను. వీటివల్ల పని నెమ్మదిస్తుందనుకుంటారు. నెమ్మదించలేదు, ఇంకా వేగమైంది.

అన్నీ సరిచేశాను, ఒక్కటి తప్ప. కీబోర్డు మీద నా వేళ్లు చూసుకోవడం అప్పుడే మొదలైంది. చూపుడువేలితో ఏదో నొక్కేదాన్ని, నొక్కగానే ఇది ఆ మనిషికి లేదు అనిపించేది. నడిమివేలు, ఉంగరంవేలు, అవీ అంతే. అన్నం కలుపుకునేటప్పుడు కూడా అదే ఆలోచన. జమ్మలమడుగులో ఒక మనిషి తనది కాని తప్పును మోసుకుని తిరుగుతున్నాడు. నేను రోజుకు వందసార్లు సేవ్ చేసుకుంటూ బతుకుతున్నాను. ఒక సోమవారం మామ దగ్గరికి పోయి, "నేను పోయి చెప్తా. ఓనరు తీసేస్తే తీసేయనీ" అన్నాను. ఆయన సుద్దముక్క జేబులో వేసుకుని, "నేనూ వస్తా పద" అన్నాడు.

వేళ్లు పోయిన ఆయన ఇల్లు జమ్మలమడుగులో పెన్న వైపు సందులో ఉంది. వాకిట్లో మంచం మీద కూర్చుని వేరుశనగ బుడ్డలు ఒలుస్తున్నాడు. ఎడమచేత్తో కాయ తీసి పళ్లతో కొరికి పగలగొడుతున్నాడు. కుడిచెయ్యి తువ్వాలు కింద ఉంది. నాకంటే పదేళ్లు పెద్ద ఉంటాడు. ఇంట్లో వాళ్లావిడ ఏదో దంచుతున్న చప్పుడు. మమ్మల్ని చూసి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"అన్నా, ఆ బల్ల గీసింది నేను."

"నువ్వా? ఇంత చిన్నమ్మివి!" మెచ్చుకుంటున్నట్టుగా అన్నాడు. "నేనే చూసుకోలేదు లేమ్మా. ఇంట్లో ఈమె దినామూ అదే అంటాంది. చెయ్యి ఆడ పెట్టకుండా ఉండల్ల నేను."

"కాదన్నా. చెయ్యి అక్కడే పెట్టాలి, బండను లేపాలంటే వేరే దారి లేదు. పిన్ను పొట్టిగా ఉంది. దాన్ని పొట్టిగా గీసింది నేనే. సూతులు రాస్తే పాయింటు అనుకున్నా."

మామ నా వెనక నుంచి, "నాకు తెలిసి కూడా నీ కాడికి వచ్చి చూళ్లేదప్పా" అన్నాడు.

ఆ మనిషి ఒలిచే పని ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఎంత పొట్టి?" అన్నాడు.

నేను బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పట్టి సందు చూపించాను. నాలుగు ఎంఎం.

"ఇంతేనా?" అంటూ ఆయన తువ్వాలు కిందినుంచి కుడిచెయ్యి తీసి నాలాగే చూపించబోయాడు. బొటనవేలు లేచింది. దానికి ఎదురుగా పట్టడానికి వేలు లేదు. చెయ్యి అలాగే కాసేపు గాల్లో ఉంచి, తనే దాన్ని చూసుకుని, ఒడిలో పెట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలని మనసులో కోరుకున్నాను కూడా.

ఆయన ఇంటి వైపు తిరిగి గట్టిగా పిలిచాడు. "ఏమ్మే, ఆ దంచేది నిలిపి ఇట్ల రా." లోపల చప్పుడు ఆగింది. ఆమె గడప దగ్గరికి వచ్చి కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడింది.

"ఇంగోతూరి చెప్పమ్మా," అన్నాడు నాతో. "ఆమెకు ఇనపడేటట్టు."

నేను ఆమె వైపు తిరిగి మళ్లీ మొదటి నుంచి చెప్పాను.